రాళ్ళ వంతెన మీద మా అత్తగారు చోటిచ్చిన మనిషి

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళి అంట్లు తోముకునే రకం. భయంతో కాదు, విసుగుతో. చాలా ఏళ్ళుగా ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటున్నాను. అక్కడ గాజుగొట్టంలో నీళ్ళు ఎర్రబడితే ఎందుకు ఎర్రబడ్డాయో చెప్పగలను. చెప్పలేకపోయానంటే ఆ గొట్టం ఎవరో సరిగ్గా కడగలేదని అర్థం. లోకం కూడా అంతేనని నా నమ్మకం. ఇప్పటికీ చాలావరకు అదే నమ్మకం.

ఈ ఒక్క సంగతి మాత్రం ఎటు తిప్పి చూసినా అందులో ఇమడడం లేదు. రాసి పెడితే నెత్తిమీంచి దిగుతుందేమోనని రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. అంత ఓపిక నాకు లేదు.

మాది యానాం, అడవిపొలం. మా ఆయన సముద్రంలో తిరిగే బోట్ల మీద ఇంజన్ మెకానిక్. వెళ్తే నెలల తరబడి రారు. మామగారు పోయాక అత్తగారిని ముమ్మిడివరం దగ్గర వాళ్ళ ఊరి నుంచి మా ఇంటికి తీసుకొచ్చాం. వచ్చిన ఏడాదికే ఆవిడ కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలింది. వారానికి మూడుసార్లు కాకినాడలో డయాలసిస్. తీసుకెళ్ళేదీ నేనే, తీసుకొచ్చేదీ నేనే. కాలేజీలో ఆ రోజులకి సెలవు ఒప్పించుకుని, మిగిలిన రోజుల్లో పొద్దుపోయేదాకా ఉండి పని సరిపెట్టేదాన్ని.

డయాలసిస్ మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది ఆ అలసట ఏమిటో. జబ్బు మనిషికి ఒక రకం అలసట, కూడా తిరిగేవాళ్ళకి ఇంకో రకం. తాగే నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఉప్పు తగ్గించాలి. కూరగాయలు ముందు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండాలి. మా పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ కొబ్బరినీళ్ళు తాగి పెరిగిన మనిషిని ఒక్క గుక్క కూడా తాగనివ్వకూడదు. మనిషిని చెట్టెక్కించి దింపు తీయించిన రోజున ఆవిడ కాయల వైపు చూసి మొహం తిప్పుకునేవారు. ఏమీ అనేవారు కాదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

బస్సులో తీసుకెళ్ళలేను. ఫరంపేటలో ఉండే ఏసుదాసు గారి ఆటో మాట్లాడుకున్నాను. నా వయసు వాడే. మితంగా మాట్లాడతాడు, గుంతలు చూసి నడుపుతాడు. తెల్లవారుతూనే బయల్దేరేవాళ్ళం. మమ్మల్ని ఆసుపత్రి దగ్గర దింపి, అక్కడే చిన్నాచితకా బేరాలు చూసుకుని, మధ్యాహ్నం మళ్ళీ మమ్మల్ని ఎక్కించుకునేవాడు.

వచ్చేటప్పుడు పెద్దరోడ్డు చివరిదాకా రాకుండా, మధ్యలో కాలువ గట్టు మీదకి తిరిగేవాళ్ళం. అటైతే లారీల గొడవ ఉండదు, అత్తగారికి కుదుపులు తక్కువ. మెట్టకూరు మీదుగా మా ఇంటికి చేరతాం. పొద్దున వెళ్ళేదీ ఆ దారినే. ఆ దారిలో ఉంటుంది రాళ్ళ వంతెన.

ఫ్రెంచివాళ్ళ కాలంలో కట్టిందంటారు. నల్లరాయి, సున్నం. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే. పిట్టగోడ రాళ్ళు జనం కూర్చుని కూర్చుని నున్నబడిపోయాయి. ఇప్పుడు దాని మీద పెద్దగా ఎవరూ కూర్చోరు.

ఎందుకు కూర్చోరో మా ఊళ్ళో అందరికీ తెలుసు. నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఆ వంతెన మీద ఒక మనిషిని చంపేశారు. ఆయన మెట్టకూరు ఆయన. మొదట్లో పిల్లలకి పాఠాలు చెప్పేవారు కాబట్టి రాజకీయాల్లోకి వచ్చాక కూడా అందరికీ మేష్టారే. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆయన నిలబడితే గెలుస్తారని అందరూ అనుకుంటున్నారు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాకినాడ నుంచి బస్సులో వచ్చి, పెద్దరోడ్డు మీద దిగి, ఇంటికి నడిచి వస్తుంటే వంతెన నడిమధ్యలో నరికేశారు.

కేసు నడిచింది. పట్టపగలు, అందరూ తిరిగే దారి. అయినా చూసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. కాలువలో బట్టలు ఉతికేవాళ్ళు, గట్టు మీద కిళ్ళీకొట్టు, పొలాల్లో కూలీలు, అందరూ సరిగ్గా ఆ వేళకి భోజనానికి వెళ్ళారట. ఆ రోజు మా ఊరు మొత్తం ఒక్కసారే భోజనానికి కూర్చుంది. కేసు కొట్టేశారు. చేయించినవాళ్ళు ఫలానా అని ఇప్పటికీ జనం గొంతు తగ్గించి చెప్పుకుంటారు. వాళ్ళలోనూ చాలామంది పోయారు.

ఇదంతా మా అత్తగారికి తెలుసా అంటే, తెలియదనే అనుకుంటున్నాను. ఆవిడది వేరే ఊరు. మా ఇంటికి వచ్చాక ఆసుపత్రికి తప్ప గడప దాటింది లేదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఆ సందు వదిలిపెట్టే చెబుతున్నాను.

మొదటిసారి జరిగింది ఎండలు ముదిరాక. డయాలసిస్ అయి వస్తున్నాం. ఆవిడ ఎప్పుడూ ఎడమ పక్కన, ఎక్కే దిగే వైపు కూర్చునేవారు. కుడివైపు కమ్మీ ఉంటుంది, అటు నేను. మధ్యలో చోటు ఖాళీ. మంచినీళ్ళ సీసా, టవలు, మందుల సంచి అక్కడ పెట్టుకునేవాళ్ళం. మిషను మీంచి లేచాక ఆవిడకి నీరసంగా ఉండేది, కళ్ళు మూసుకునేవారు. నేనూ మూసుకునేదాన్ని.

ఆటో వంతెన ఎక్కింది. అత్తగారు కళ్ళు తెరిచి, మధ్యలో ఉన్న సంచి తీసి నా ఒళ్ళో పెట్టి, "వేణీ, కాస్త జరుగమ్మా" అన్నారు.

జరిగాను. ఆవిడ మధ్యలోకి వచ్చేశారు. కాలు నొప్పెట్టి జరిగారేమో అనుకున్నాను. డయాలసిస్ తర్వాత పిక్కలు పట్టేయడం మామూలే. వంతెన సగం దాటిందో లేదో, "అయ్యో" అన్నారు. మళ్ళీ ఎడమ పక్కకి జరిగిపోయారు. నేనేమీ అడగలేదు. ఇల్లు చేరితే చాలన్నట్టు ఉంది నాకు.

తర్వాతి ట్రిప్పులో అదే. ఆ తర్వాత కూడా అదే. వంతెన ఎక్కగానే మధ్యలోకి రావడం, సగంలో ఉస్సురని మళ్ళీ చివరికి పోవడం. ఒకరోజు అడిగాను.

"ఎందుకండీ అత్తయ్యా, అటూ ఇటూ జరుగుతారు?"

"పెద్దాయన ఎక్కుతున్నారు కదమ్మా" అన్నారు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "ఎక్కినట్టే ఎక్కి మధ్యలో దిగిపోతారు. ఇల్లు ఎక్కడో ఏమో."

నాకు ఒళ్ళు జలదరించలేదు. ఇది నిజం చెప్పాలి. నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇంకో జబ్బు తగులుకుందిరా దేవుడా అని. ఆసుపత్రిలో డాక్టరుగారికి చెప్పాను. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతే కొందరు పెద్దవాళ్ళు అలా మాట్లాడతారని, రాకపోకల్లో పడుకోబెట్టడం మంచిదని అన్నారు. బీపీ చూశారు. బాగానే ఉంది. తల స్కాన్ తీశారు. వయసుకి తగ్గట్టే ఉందన్నారు. ఆవిడని తేదీ, వారం, నా పేరు, మా ఆయన పేరు అడిగారు. అన్నీ సరిగ్గా చెప్పారు. పైగా, "ఇవన్నీ నన్నెందుకు అడుగుతున్నారు, నాకు మతిపోయిందని మా కోడలు చెప్పిందా?" అన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

నేను ల్యాబ్ మనిషిని. చూద్దామని అనుకున్నాను. పొద్దున వెళ్ళేటప్పుడు అదే వంతెన దాటతాం, అప్పుడేమీ లేదు. వచ్చేటప్పుడు ఒకసారి పెద్దరోడ్డు మీదుగానే రమ్మన్నాను, ఆ రోజూ ఏమీ లేదు. ఇంకోసారి ఎండ కొడుతోందని చెప్పి తడిటవలు ఆవిడ మొహం మీద పూర్తిగా కప్పాను. దాసు గారిని గట్టు మీద ఒకచోట ఊరికే ఆగి, తర్వాత నెమ్మదిగా పోనివ్వమన్నాను. కళ్ళు కనబడని మనిషికి ఎక్కడున్నామో తెలియకూడదు. వంతెన మొదటి రాయి మీద చక్రం ఎక్కగానే టవలు కిందనుంచి, "జరుగమ్మా" అన్నారు.

చక్రం కింద రాయి తేడా తెలిసి ఉండొచ్చు. అది కూడా రాసుకోండి. కానీ మధ్యలోకి వచ్చినప్పుడు ఆవిడ నన్ను కమ్మీకి నొక్కేసేవారు. గట్టిగా. ఆవిడ అప్పటికి ఎముకల గూడులా ఉన్నారు. సీటు మీద చోటు చాలక నొక్కుకున్నట్టే ఉండేది. ఇంటికి వెళ్ళి చూసుకుంటే నా కుడి మోచేతి మీద కమ్మీ గీత పడి ఉండేది.

రానురాను ఆవిడ ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టారు. పెద్ద మాటలేం కాదు. "ఈ చెయ్యి తగలనివ్వకండి, మిషను పెట్టే చెయ్యి" అనేవారు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతిని ఒళ్ళో దాచుకునేవారు. ఒకసారి, "ఏం నీళ్ళండీ, గొంతు తడుపుకోడానికి కూడా లెక్కే" అని చెప్పుకున్నారు. నాతో ఎప్పుడూ అనని మాట అది. దాసు గారు అద్దంలోంచి నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

గొడుగు సంగతి వచ్చింది ఆ తర్వాతే.

ఆ రోజు ఆవిడ మధ్యలోకి జరిగి, కాలు పైకి తీసుకుని, "ఆ గొడుగు కాస్త అటు పెట్టుకోండి, నా కాలికి గుచ్చుకుంటోంది" అన్నారు. వంతెన దాటాక నావైపు తిరిగి నవ్వారు. చాలారోజులకి నవ్వారు.

"ఎండలో మాడిపోతా కూడా గొడుగు వేసుకోరేంటా అనుకునేదాన్ని. ఇప్పుడు చూశాను. ఆడవాళ్ళ గొడుగు వేణీ. పువ్వుల గొడుగు. సిగ్గుపడి చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు పాపం."

ఆటో ఆగింది. దాసు గారు దిగి, ముందు చక్రం దగ్గర నిలబడి, టవలుతో మొహం తుడుచుకున్నాడు.

"మేడమండి, నేను మానేత్తానండి ఈ దారి" అన్నాడు. "మా నాయనకి చెప్పానండి మామ్మగారి సంగతి. ఆరోజు నుంచి సరిగ్గా తినట్లేదండి. అడిగితే చెప్పడు. పెద్దరోడ్డునే పోదారండి."

సరేనన్నాను. నాకు ఏ దారైనా ఒకటే.

కానీ ఆ సాయంత్రం దాసు గారు ఇంటికి వెళ్ళి గొడుగు మాట కూడా తండ్రికి చెప్పాడట. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. పేరు దావీదు. ఒకప్పుడు యానాంలో రిక్షా తొక్కేవాడని నాకు తెలుసు. చిన్నప్పుడు మా స్కూలు ముందు ఆయన రిక్షా ఆగి ఉండేది. ఇప్పుడు నడుం వంగిపోయింది. వీధి అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి" అన్నాడు. "మామ్మగారు గొడుగన్నారంటండి. పువ్వులదన్నారంటండి. నిజవేనా?"

"అన్నారండి. జబ్బు మనిషి, ఏదో అంటారు."

ఆయన అరుగు అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ఈసారి ఎల్లేటప్పుడు నేనూ వత్తానమ్మా. ముందు మావోడి పక్కన కూకుంటాను. మళ్ళీ అడగను. ఒక్కసారే."

ఎందుకని అడగాల్సింది. అడగలేదు. లోపల పొయ్యి మీద కూర నీళ్ళు పొంగుతున్నాయి, అత్తగారికి స్నానం చేయించాలి, కాలేజీకి టైమవుతోంది. రండి అన్నాను.

ఆ రోజు ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునేది. కాకినాడలో మేం లోపల ఉన్నంతసేపూ ఆటోలోనే కూర్చున్నాడట, టీ కూడా తాగలేదట. ఆ రోజు డయాలసిస్ బాగా జరగలేదు. మధ్యలో అత్తగారికి వాంతులయ్యాయి, రెండుసార్లు మిషను ఆపాల్సి వచ్చింది. బయటికి తెచ్చేసరికి ఆవిడ మాట్లాడే స్థితిలో లేరు. నేను నిలబడే స్థితిలో లేను. ముందు రోజు రాత్రంతా నిద్ర లేదు. ఆటోలో ఆవిడ ఎడమ పక్కన, నేను కుడి పక్కన. ఆవిడ పడిపోకుండా నా ఎడమచెయ్యి ఆవిడ వెనకనుంచి భుజాల చుట్టూ వేసి పట్టుకున్నాను.

కాలువ గట్టు మీదకి తిరిగాం. ఎండ కళ్ళలోకి కొడుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

వంతెన ఎక్కే ముందు దావీదు గారు, "ఆపరా" అన్నాడు. ఆటో ఆగింది. ఇంజను ఆపేశాడు దాసు గారు. కాలువలో నీళ్ళు కదిలే చప్పుడు వినబడింది. ముందు సీట్లోంచి ఆ పెద్దాయన గొంతు వచ్చింది. పిలిచినట్టుగా, గట్టిగా.

"మేష్టారండీ. నేనండి, దావీదుని. ఎక్కండి. ఇంటికాడ దింపేత్తాం."

అత్తగారు మధ్యలోకి జరిగారు. మాట్లాడలేదు, జరిగారంతే. నేను కమ్మీకి నొక్కుకున్నాను. ఆటో ఆవిడ అటు పక్కన కాస్త కిందికి దిగింది, మనిషి ఎక్కితే దిగినట్టు. ఇంజను మొదలైంది.

నా ఎడమచెయ్యి ఆవిడ భుజం చుట్టూనే ఉంది. ఆవిడ జరిగినందువల్ల నా వేళ్ళు ఆవిడ భుజం దాటి అవతలికి వెళ్ళాయి. అక్కడ ఖాళీ ఉండాలి. గాలి తగలాలి. నా వేళ్ళకి బట్ట తగిలింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ముతక నూలు బట్ట. చెమటకి కొంచెం తడిసి ఉంది. దాని కింద వెచ్చగా, గట్టిగా, మనిషి భుజం.

రోజూ మనిషిని లేవదీసి, కూర్చోబెట్టి, పట్టుకుని నడిపించే చేతులు నావి. భుజం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఎందుకు కళ్ళు తెరిచి చూడలేదని విన్నవాళ్ళందరూ అడుగుతారు. భయమేసిందా అంటారు. భయం కాదు. ఎలా చెప్పాలో తెలియదు. అంత అలసిపోయి ఉన్నాను. ఆ క్షణంలో నాకు తోచిందల్లా, ఈయన కూడా అలిసిపోయి ఉంటాడు, కూర్చోనీ అని. చెయ్యి కూడా తీయలేదు. తీస్తే మర్యాదగా ఉండదనిపించింది.

వంతెన సగానికి వచ్చాం. అత్తగారు ఉస్సురనలేదు. వంతెన దాటాం. గట్టు దిగి మెట్టకూరు వైపు తిరిగాం. గుంతల్లో ఆటో ఊగినప్పుడల్లా నా వేళ్ళ కింద ఆ భుజం కూడా ఊగింది. ముందు సీట్లో దావీదు గారు నోట్లోనే ప్రార్థన చేసుకుంటున్నాడు.

"ఇక్కడరా" అన్నాడు కాసేపటికి. ఆటో ఆగింది.

అత్తగారు సన్నగా, "వెళ్ళొస్తారా అండీ" అన్నారు. తర్వాత ఎడమ పక్కకి, తన చోటుకి జరిగారు. నా వేళ్ళకి గాలి తగిలింది. అప్పుడు కళ్ళు తెరిచాను.

మేష్టారి ఇంటి ముందు ఉన్నాం. ఆయన భార్య అరుగు మీద చాట పెట్టుకుని బియ్యం బాగుచేస్తున్నారు. పెద్దావిడ, నాకు ముఖపరిచయం. బజార్లో కనిపిస్తే నమస్కారం పెడతాను. ఆటో చూసి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరండీ?"

దావీదు గారు దిగి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. ఆయన చెప్పినదంతా నేను ఆటోలో కూర్చునే విన్నాను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నేనండి అమ్మగారూ, రిక్షా దావీదుని. ఆ రోజు మేష్టారు వంతెన ఎక్కకముందు నన్ను పిలిచారండి. 'దావీదూ, ఎండగా ఉంది, ఇంటిదాకా దింపుతావా' అన్నారండి. రిక్షా ఖాళీగానే ఉందండి. నలుగురు అవతల గట్టు మీద కాపేసి ఉన్నారు. నేను అటునుంచే వచ్చాను, చూశాను. ఎందుకున్నారో నాకు తెలిసిపోయిందండి. వేరే బేరం ఉందండి అని చెప్పేసి తొక్కుకుంటా ఎల్లిపోయాను. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి చూశానండి. చూడలేదని పోలీసులకి చెప్పాను. చూశానండి. నేను చూశాను."

ఆవిడ చేతిలో బియ్యం అలాగే ఉన్నాయి. ఏడుస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి మాట ఇది.

"గొడుగు చేతిలో ఉందా?"

"ఉందండి. పువ్వుల గొడుగు. కాలవలో పడిపోయిందండి."

ఆవిడ తల ఊపారు. "ఊచ విరిగితే కాకినాడలో బాగుచేయించి తెమ్మని నేనే పంపాను. ఆడవాళ్ళ గొడుగు పట్టుకుని బస్సెక్కమంటావా అని నవ్వారు. మర్నాడు నేను అందర్నీ గొడుగేదని అడిగాను. మనిషి పోతే గొడుగు గొడవేంటి, దీనికి మతిపోయింది అనుకున్నారు."

తర్వాత ఆవిడ చాట పక్కన పెట్టారు.

"ఇన్నేళ్ళలో నా దగ్గరికి వచ్చి చూశాను అన్నవాడివి నువ్వొక్కడివే. కూర్చో దావీదూ. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తెస్తాను."

ఆయన అరుగు మీద కూర్చోలేక కింద మెట్టు మీద కూర్చున్నాడు. దాసు గారు స్టీరింగు మీద తల ఆనించాడు. తండ్రి నోట ఈ మాట వినడం అతనికీ అదే మొదటిసారి. కాసేపటికి తండ్రిని అక్కడే ఉంచి మమ్మల్ని ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు.

ఆ రోజు తర్వాత కూడా మేం ఆ వంతెన మీదుగానే వచ్చాం. మా అత్తగారు మళ్ళీ ఎప్పుడూ జరగలేదు. ఎడమ పక్కన కూర్చునే కళ్ళు మూసుకునేవారు. మధ్య చోటులో మంచినీళ్ళ సీసా ఉండేది.

నాకు నేను చెప్పుకున్న సమాధానాలు కొన్ని ఉన్నాయి. మేష్టారి భార్య అప్పట్లో గొడుగు గురించి అందర్నీ అడిగారు కాబట్టి ఆ మాట ఊళ్ళో ఎక్కడో మిగిలి ఉండొచ్చు. మా ఇంటికి వచ్చే పాలావిడో, పక్కింటివాళ్ళో అత్తగారి చెవిన వేసి ఉండొచ్చు. నీరసంలో అది కలగా వచ్చి ఉండొచ్చు. ఆటో ఒరిగింది గట్టు వాలు వల్ల కావచ్చు. ఆవిడ గురించి ఈ మాటలన్నీ సరిపోతాయి. నా చేతి గురించి సరిపోవు. నేను నిద్రపోలేదు. దావీదు గారి ప్రతి మాటా నాకు వినబడింది. నిద్రలో అలా వినబడదు.

దాసు గారిని ఒకసారి అడిగాను, ఆ రోజు అద్దంలో ఏమైనా చూశారా అని. "అద్దం కిందకి తిప్పేశానండి మేడమండి" అన్నాడు.

వానలు మొదలయ్యాక అత్తగారు బాగా క్షీణించారు. ఇక మిషను వద్దన్నారు. నేను ఒప్పుకోలేదు, మా ఆయన ఫోనులో బతిమాలారు, అయినా వద్దన్నారు. మా ఆయన వచ్చేశారు. ఇంట్లోనే ఉంచాం. డాక్టరుగారు ఇక ఏం ఇచ్చినా పరవాలేదన్నారు. దింపు తీయించి కొబ్బరినీళ్ళు పోశాను. నెమ్మదిగా తాగారు. గ్లాసు కడిగి వచ్చి పక్కన కూర్చుని, అన్నాళ్ళూ అడగని మాట అడిగాను.

"అత్తయ్యా, ఆటోలో ఎక్కిన ఆయన ఎవరండీ?"

ఆవిడ నావైపు చూశారు. ఆ చూపులో మత్తేమీ లేదు.

"ఎవరో నాకేం తెలుసు వేణీ. పెద్దాయన ఎండలో నిలబడి ఉన్నారు. మన పక్కన చోటుంది. ఎవరని అడిగి కూర్చోబెడతామా?"

రెండు రోజులకి ఆవిడ పోయారు.

ఇప్పుడు నేను మళ్ళీ రోజూ కాలేజీకి వెళుతున్నాను. గాజుగొట్టాలు కడుగుతున్నాను. సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నాయి. ఇంత ఖాళీతో ఏం చేసుకోవాలో ఇంకా తెలియడం లేదు. ఆ సంగతి విన్నవాళ్ళలో సగం మంది భ్రమ అంటారు, సగం మంది దణ్ణం పెట్టుకుంటారు. ఎవరితోనూ వాదించను. నా వేళ్ళకి ఆ మధ్యాహ్నం ఒక మనిషి భుజం తగిలింది. దాని లోపల ఊపిరి తీసి వదులుతున్న కదలిక కూడా తెలిసింది. ఆ ఊపిరి ఎవరిదో, ఎలా వచ్చిందో చెప్పగలిగిన వాళ్ళు నాకింతవరకు కనబడలేదు. నేనైతే చెప్పలేను.